విడిభాగాల చరిత్ర – 9: పేర్లు చెరపని కొనుగోలుదారు

లయనెల్ అంటే అమెరికాలో రెండు మూడు తరాల పిల్లలకు బొమ్మ రైలు. క్రిస్మస్ చెట్టు కింద పట్టాలు పరిచి, స్విచ్చి నొక్కితే గుండ్రంగా తిరిగే రైలు. 1980ల నాటికి ఆ రైళ్ల తయారీని వేరేవాళ్లకు అప్పగించేసి లయనెల్ బొమ్మల దుకాణాలు నడుపుకుంటోంది. ఆ వ్యాపారం దెబ్బతిని 1982 ఫిబ్రవరిలో దివాలా రక్షణ కోరుతూ న్యూయార్క్‌లో కోర్టుకెక్కింది. కోర్టు ముందుకు వచ్చిన ఆస్తుల్లో అన్నిటికంటే విలువైనదానికి బొమ్మలతో ఏ సంబంధమూ లేదు. నెబ్రాస్కా రాష్ట్రంలో కొలంబస్ అనే చిన్న ఊళ్లో రెసిస్టర్లు తయారుచేసే డేల్ ఎలక్ట్రానిక్స్‌లో 82 శాతం వాటా అది.

ఆ వాటా అమ్మేసి తమ బాకీ తీర్చమని అప్పులవాళ్లు పట్టుబట్టారు. పీబాడీ ఇంటర్నేషనల్ అనే కంపెనీ 5 కోట్ల డాలర్లిస్తానని వచ్చింది, దివాలా కోర్టు సరేనంది. లయనెల్ వాటాదారులు ఒప్పుకోక పై కోర్టుకు వెళ్లారు. 1983లో అప్పీలు కోర్టు ఆ అమ్మకాన్ని కొట్టేసింది. బాగా నడుస్తున్న ఆస్తిని, అప్పులవాళ్లు అడిగారన్న ఒక్క కారణంతో, కంపెనీ పునర్నిర్మాణ ప్రణాళిక తేలకముందే అమ్మడం కుదరదు, వ్యాపారపరంగా తగిన కారణం చూపాలి అన్నది తీర్పు సారాంశం. అమెరికాలో దివాలా చట్టం చదువుకునే ప్రతి విద్యార్థీ ఇప్పటికీ ఈ తీర్పు చదువుతాడు. డేల్ మాత్రం మరో రెండేళ్లు ఎవరి చేతిలో పడాలో తేలకుండా ఉండిపోయింది.

1985లో దాన్ని కొన్న కంపెనీ పేరు విని ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లే ఆశ్చర్యపోయి ఉంటారు. ఫిలడెల్ఫియాకు దగ్గర్లో మాల్వర్న్ అనే ఊళ్లో ఉన్న విషే. రెసిస్టర్లలో అత్యంత కచ్చితమైనవి, అత్యంత ఖరీదైనవి చేస్తుందని పేరున్న కంపెనీ. అమ్మకాల్లో డేల్‌తో పోలిస్తే చిన్నది. పెద్ద చేప చిన్న చేపను మింగడం లోకంలో మామూలు. ఇక్కడ జరిగింది అందుకు తలకిందులు. ఆ తరవాత పాతికేళ్ల పాటు కంపెనీలను కొనే పని విషే మళ్లీ మళ్లీ చేసింది.

గత సంచికల్లో మనం చూసిన కంపెనీలు ఎక్కువగా సొంత ఫ్యాక్టరీల మీద ఎదిగినవి. విషే దారి వేరు. ఒక రెసిస్టరుతో మొదలై, అమెరికా, యూరప్ దేశాల్లో వెలిసిన పాత విడిభాగాల కంపెనీలను ఒక్కొక్కటిగా కొంటూ, రెసిస్టర్ల నుంచి కెపాసిటర్లకు, అక్కడి నుంచి డయోడ్లకు, ట్రాన్సిస్టర్లకు విస్తరించింది. ఈ కథ చెప్పాలంటే దాన్ని నడిపిన మనిషి గురించి ముందు చెప్పాలి. ఆయన బతికిన తీరుకూ, కంపెనీలను కొన్న తీరుకూ సంబంధం ఉందని నేను నమ్ముతాను.

ఫీలిక్స్ జాండ్‌మన్ గ్రోద్నోలో పుట్టాడు. అప్పుడది పోలండ్‌లోని పట్టణం, ఇప్పుడు బెలారుస్‌లో ఉంది. 1943 ఫిబ్రవరిలో అక్కడి యూదుల వాడను నాజీలు ఖాళీ చేయిస్తున్నప్పుడు పదిహేనేళ్ల ఫీలిక్స్ తప్పించుకుని, ఊరి బయట తమ తాతగారి వేసవి ఇంటికి చేరాడు. ఆ ఇంటిని చూసుకునే ఆన్నా పుచాల్‌స్కా కేథలిక్కు. భర్త, ఐదుగురు పిల్లలు ఉన్న పేద కుటుంబం. యూదుణ్ణి దాచారని తెలిస్తే ఇంటిల్లిపాదినీ కాల్చి చంపే రోజులు. అయినా ఆమె లోపలికి రానిచ్చింది. ఫీలిక్స్ బామ్మ ఒకప్పుడు తనకు చేసిన సాయాన్ని ఆమె మరచిపోలేదు. పడకగది నేల కింద తవ్విన గుంతలో ఫీలిక్స్, అతని మేనమామ సెండర్ ఫ్రైడోవిచ్, మరికొందరు దాక్కున్నారు. నిలబడితే తల తగిలేది, అందరూ ఒకేసారి కాళ్లు చాచుకునే చోటు లేదు. అలా 17 నెలలు గడిచాయి.

ఆ చీకట్లో మేనమామ మేనల్లుడికి లెక్కలు చెప్పాడు. కాగితం లేదు, దీపం లేదు. బీజగణితం, త్రికోణమితి అన్నీ నోటితో చెప్పడం, మనసులో గీసుకోవడం. 1944 జులైలో ఎర్ర సైన్యం వచ్చాక గుంతలోంచి బయటపడిన కుర్రాడికి తల్లిదండ్రులు లేరు, చెల్లెలు లేదు. చదువుకోవాలన్న పట్టుదల మాత్రం ఉంది. 1946లో ఫ్రాన్స్ చేరి, నాన్సీ విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగు చదివి, పారిస్‌లోని సోర్బాన్‌లో భౌతికశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నాడు. పుచాల్‌స్కీ కుటుంబాన్ని తరవాతి కాలంలో ఇజ్రాయెల్‌లోని యాద్ వాషెమ్ సంస్థ గౌరవించింది.

డాక్టరేట్ కోసం ఆయన ఎంచుకున్నది లోహం మీద పడే ఒత్తిడిని కంటికి చూపించే విద్య. విమానం కాలో, వంతెన దూలమో తీసుకుని దానికి ఒక రకం పారదర్శకమైన ప్లాస్టిక్ పూత వేస్తే, ధ్రువిత కాంతిలో చూసినప్పుడు ఒత్తిడి ఎక్కడ ఎక్కువుందో అక్కడ రంగుల చారలు కనబడతాయి. ఈ పనితోనే 1956లో అమెరికా వెళ్లి, రైలు పెట్టెల తయారీకి పేరుపొందిన బడ్ కంపెనీకి చెందిన కొలత పరికరాల సంస్థలో చేరాడు. లోహాన్ని లాగితే, నొక్కితే ఏమవుతుందన్న ప్రశ్నతోనే అక్కడ రోజూ పని. ఆ పనిలోంచే ఆయనకు రెసిస్టరు ఆలోచన వచ్చింది.

దీన్ని కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఈ కంపెనీ మొత్తం దీని మీదే నిలబడింది. రెసిస్టరు పని సర్క్యూట్‌లో కరెంటుకు కొలిచినంత అడ్డు పెట్టడం. ఆ కొలత మారకూడదు. కానీ వేడెక్కితే లోహం నిరోధం పెరుగుతుంది, అది దాని స్వభావం. కర్బనంతో చేసిన పాత రెసిస్టర్లలో ఒక్క డిగ్రీ వేడికి నిరోధం పది లక్షల్లో కొన్ని వందల భాగాలు మారిపోయేది. తీగ చుట్టిన రెసిస్టర్లు కచ్చితత్వంలో నయం. అయితే చుట్టిన తీగ కాయిల్‌లా ప్రవర్తిస్తుంది కాబట్టి ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర పనికిరాదు.

జాండ్‌మన్ నికెల్, క్రోమియం మిశ్రమంతో చేసిన అతిపల్చని రేకును పింగాణీ పలక మీద అంటించాడు. వేడెక్కినప్పుడు రేకు ఎక్కువ సాగాలని చూస్తుంది, పింగాణీ తక్కువ సాగుతుంది. పింగాణీ పట్టి ఉంచడంతో రేకు నొక్కుకుపోతుంది. నొక్కుకుపోయిన లోహంలో నిరోధం తగ్గుతుంది. అంటే వేడి వల్ల పెరగాల్సినంతా, ఒత్తిడి వల్ల తగ్గిపోతుంది. రేకు మందం, మిశ్రమం, జిగురు, పలక సరిగ్గా కుదిరితే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. లోహం మీద ఒత్తిడి పడితే నిరోధం మారుతుందన్నది ఒత్తిడిని కొలిచేవాళ్లకు పనిముట్టు. జాండ్‌మన్ అదే గుణాన్ని మార్పును ఆపడానికి వాడుకున్నాడు.

పలక మీద ఆ రేకును చూస్తే మరో సంగతి తెలుస్తుంది. ఫొటో పద్ధతిలో చెక్కిన సన్నని గీతలు ముందుకూ వెనక్కీ, పక్కపక్కనే మడతలు పడుతూ పోతాయి. పక్క గీతలో కరెంటు ఎదురు దిశలో నడవడం వల్ల కాయిల్ గుణం చాలావరకు పోతుంది. గీతల మధ్య అక్కడక్కడా చిన్న అడ్డ కడ్డీలు వదిలిపెడతారు. నిరోధం కొలుస్తూ ఒక్కో కడ్డీని తెంపితే కరెంటు దారి కొద్దికొద్దిగా పొడుగవుతుంది. కావలసిన అంకె రాగానే ఆపేస్తారు. హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీ దుకాణాల్లో లెక్కపెట్టి ఇచ్చే రంగు చారల రెసిస్టరుకూ, ఉపగ్రహంలోకో సున్నితమైన తూకం యంత్రంలోకో వెళ్లే ఈ రేకు రెసిస్టరుకూ తేడా ఈ పనితనంలోనే ఉంది.

ఈ ఆలోచనను జాండ్‌మన్ ముందు తన యజమానులకే చూపించాడు. వాళ్లకు ఆసక్తి కలగలేదు. అప్పుడు హోజరీ వ్యాపారంలో పెద్ద స్థానంలో ఉన్న బంధువు ఆల్‌ఫ్రెడ్ స్లేనర్ డబ్బిచ్చాడు. 1962లో కంపెనీ మొదలైంది. దానికి లిథువేనియాలో తమ పెద్దల ఊరైన విషే పేరు పెట్టుకున్నారు. నాజీల చేతుల్లో పోయిన బంధువుల జ్ఞాపకంగా పెట్టిన పేరది. తొలినాళ్లలో సరుకు రెండు రకాలు: రేకు రెసిస్టర్లు, ఒత్తిడిని కొలిచే రేకు గేజీలు. 1960ల చివరికల్లా ఇజ్రాయెల్‌లో కూడా తయారీకి పూనుకున్నారు. ఇరవై ఏళ్లలో ఆ రెండింటిలోనూ ప్రపంచంలో మొదటి స్థానానికి చేరారు.

అక్కడే చిక్కు వచ్చింది. అత్యంత కచ్చితమైన రెసిస్టరు అవసరమయ్యేవాళ్లు లోకంలో ఎంతమంది? ఆ మార్కెట్ ఎంత బాగున్నా ఇరుకే. పైగా కొనేవాడి అవసరం ఎలా ఉంటుందో చూడండి. ఒక టెలిఫోన్ ఎక్స్ఛేంజీ బోర్డు మీద రెసిస్టర్లు వందల్లో ఉంటే, వాటిలో రేకువి కావలసినవి ఒకటో రెండో. మిగతావన్నీ చవక రకాలు. కొనుగోళ్ల అధికారి వందమంది అమ్మకందార్లతో పెట్టుకోవాలనుకోడు, అన్నీ ఒకే చోట దొరికితే అదే చాలు. కార్ల కంపెనీలు, కంప్యూటర్ కంపెనీలు తమ సరఫరాదార్ల సంఖ్య తగ్గించుకుంటున్న కాలం అది. కేటలాగు పెద్దదైనవాడికే ఆర్డరు. సొంతంగా ఆ రకాలన్నీ తయారుచేయడం నేర్చుకోవాలంటే జీవితకాలం చాలదు. నేర్చుకున్నవాళ్లను కొనడమే దారి.

అలాంటి కంపెనీలు అప్పుడు అమ్మకానికి ఉన్నాయి కూడా. రెసిస్టర్లు, కెపాసిటర్లు చేసే వ్యాపారం పెద్ద లాభాలు తెచ్చేది కాదు. రెండు మూడేళ్లు ఆర్డర్లు వెల్లువెత్తుతాయి, ఆ వెంటనే రెండేళ్లు ఎండిపోతాయి. స్టాక్ మార్కెట్‌కు మెరుపు కావాలి, ఇందులో మెరుపు లేదు. అందుకే పెద్ద పారిశ్రామిక సమూహాలు వీటిని వదిలించుకోవాలని చూస్తున్నాయి. కొనడానికి ఆర్డర్లు ఎండిపోయిన కాలమే మంచిదని జాండ్‌మన్ ముందే గ్రహించాడు.

డేల్‌ను పూర్తిగా కొనే శక్తి విషేకు లేదు. మెజనైన్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థతో చేయి కలిపి మొదట సగం తీసుకుంది. మిగతా సగం తరవాతి ఏళ్లలో కొంది. డేల్ రెసిస్టర్లకు సైన్యంలో, అంతరిక్ష రంగంలో మంచి పేరు. బంగారు రంగు అల్యూమినియం తొడుగుతో, స్క్రూలు బిగించుకోవడానికి రెండు చెవులతో ఉండే వాటి పవర్ రెసిస్టరును పాత పరికరాలు విప్పి చూసినవాళ్లెవరైనా గుర్తుపడతారు. కొన్న తరవాత డేల్ అన్న పేరును తీసెయ్యలేదు. దాని ముందు విషే అని చేర్చారంతే.

ఇది మర్యాద కోసం చేసిన పని కాదు. సైనిక, వైద్య, విమాన పరికరాల్లో ఒక విడిభాగాన్ని వాడాలంటే ముందు పరీక్షలు చేసి ఆమోదించిన జాబితాలోకి ఎక్కించాలి. తయారీదారు పేరో, పద్ధతో మారితే మళ్లీ ఆ పరీక్షల తంతు. ఇంజినీరు గీసిన బొమ్మలో ఒక పేరు ఒకసారి పడితే ఆ యంత్రం బతికున్నంతకాలం అది ఉంటుంది. పేరు చెరిపితే ఆ బొమ్మల్లోంచి కంపెనీ చెరిగిపోతుంది. చాలామంది కొనుగోలుదార్లు కొన్న మర్నాడే పాత బోర్డు దించి తమ బోర్డు ఎక్కిస్తారు. జాండ్‌మన్ దానికి పూర్తిగా వ్యతిరేకం. నా దృష్టిలో ఆయన చేసిన పనుల్లో అన్నిటికంటే తెలివైనది ఇదే.

1987లో జర్మనీలో డ్రాలోరిక్, 1988లో ఫ్రాన్స్‌లో స్ఫెర్నీస్ వచ్చి చేరాయి. రెండూ రెసిస్టర్ల కంపెనీలే. డ్రాలోరిక్ ఉన్న సెల్బ్, పింగాణీకి పేరుమోసిన బవేరియా పట్టణం. ఆ కొనుగోలుతో వచ్చినవాటిలో ఒక మనిషి ఉన్నాడని అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకుని ఉండరు. డ్రాలోరిక్‌లో పనిచేస్తున్న భౌతికశాస్త్రవేత్త గెరాల్డ్ పాల్, 2005లో విషే మొత్తానికీ ముఖ్య కార్యనిర్వాహకుడయ్యాడు. 2022 దాకా ఆ పదవిలో ఉన్నాడు. కొన్న కంపెనీ మనుషులు పరాయివాళ్లుగా మిగిలిపోలేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

1990ల మొదట్లో కెపాసిటర్ల వంతు వచ్చింది. వాటిలో మొదటిది స్ప్రేగ్, 1992లో. స్ప్రేగ్ పేరెత్తితే మసాచుసెట్స్ రాష్ట్రంలో నార్త్ ఆడమ్స్ పట్టణం గుర్తుకొస్తుంది. రాబర్ట్ స్ప్రేగ్ 1926లో క్విన్సీలో పెట్టిన కంపెనీ, 1930లో ఈ ఊళ్లోని పాత బట్టల మిల్లుల్లోకి మారింది. 1966లో ఆ ఊళ్లో జనాభా సుమారు 18,000. అందులో 4,137 మంది స్ప్రేగ్‌లోనే పని. దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఒకరు ఆ గేటు లోపలికి వెళ్లినట్టే. ఆ తరవాత కంపెనీ చేతులు మారుతూ పోయింది. జనరల్ కేబుల్ కొంది, ఆపైన రైల్వేల నుంచి వచ్చిన పెన్ సెంట్రల్ చేతికి చేరింది. 1985లో మార్షల్ స్ట్రీట్‌లోని ఫ్యాక్టరీ మూతపడింది. విషే రాకకు ఏడేళ్ల ముందే ఈ దెబ్బ తగిలిందని గుర్తుంచుకోవాలి. 1999లో ఆ ఇటుక భవనాల్లోనే ఆధునిక కళల మ్యూజియం తెరిచారు.

విషే కొన్నది స్ప్రేగ్‌లో మిగిలిన గట్టి భాగాన్ని, టాంటలం కెపాసిటర్లను. టాంటలం పొడిని కాల్చి గట్టిపరిచిన చిన్న ముద్దలో లోపల లెక్కలేనన్ని రంధ్రాలుంటాయి. వాటి ఉపరితలం మీద పట్టించిన పల్చని ఆక్సైడ్ పొరే కరెంటును నిలవ చేసే చోటు. గింజంత చోటులో పెద్ద సామర్థ్యం. ఈ రకం ఘన కెపాసిటర్లను మార్కెట్‌కు తెచ్చినవాళ్లలో స్ప్రేగ్ ముందుంది. చేతిలో ఇమిడే ఫోన్లు రాబోతున్న కాలానికి అది సరిగ్గా అమరింది. 1993లో జర్మనీలోని లాండ్స్‌హుట్ నుంచి రోడర్‌స్టైన్, 1994లో పలుచని పింగాణీ పొరల కెపాసిటర్లు చేసే విట్రామన్ చేరాయి. ఈ పట్టణాల పేర్లు చదువుతుంటే ఇరవయ్యో శతాబ్దపు రేడియో, టెలివిజన్ చరిత్రంతా ఒకే గొడుగు కిందికి వచ్చినట్టు అనిపిస్తుంది.

ప్రతి కొనుగోలు తరవాతా జరిగే పని దాదాపు ఒకటే. రెండు కంపెనీలకు రెండు లెక్కల విభాగాలు, రెండు అమ్మకాల బృందాలు అక్కర్లేదు, ఒకటి చాలు. పరిశోధన, వాడుకదార్లతో సంబంధాలు పాతచోటే ఉంచుతారు. చేతిపని ఎక్కువుండే తయారీని మాత్రం జర్మనీ, ఫ్రాన్స్, అమెరికా నుంచి కూలి తక్కువున్న చోటికి పంపేస్తారు. 1990ల్లో అందులో పెద్ద భాగం ఇజ్రాయెల్‌కు వెళ్లింది. అక్కడి ప్రభుత్వం పరిశ్రమలకు గ్రాంట్లు, పన్ను రాయితీలు ఇస్తుండేది. తరవాత చెక్ రిపబ్లిక్, మెక్సికో, చైనా వచ్చాయి. ఇలా కొన్న కంపెనీ రెండు మూడేళ్లలో లాభాల్లోకి వచ్చేది. ఆ లాభం చూపించి బ్యాంకులో మళ్లీ అప్పు, ఆ అప్పుతో మరో కొనుగోలు. వాటాదార్లకు నగదు బదులు అదనపు షేర్లు ఇచ్చి, డబ్బును లోపలే ఉంచుకున్నారు. కంపెనీ నగదు డివిడెండు మొదలుపెట్టింది 2014లో మాత్రమే. పది ఓట్ల హక్కున్న ప్రత్యేక షేర్లు జాండ్‌మన్ దగ్గర ఉండటంతో తొందరపెట్టే శక్తి ఎవరికీ లేకపోయింది.

కొన్న పట్టణాలకు ఇది ఏం చేసిందో కూడా చెప్పుకోవాలి. పేరు నిలిచింది, ఇంజినీర్లు నిలిచారు. కాయిల్స్ చుట్టే చేతులు, టంకం పెట్టే చేతులు మాత్రం ఇంటికి వెళ్లాయి. విషే కొనకపోతే ఆ కంపెనీలు చాలామట్టుకు మూతపడేవేనన్న వాదనలో నిజముంది. అయినా జర్మనీలో ఇరవై ఏళ్లు ఒకే బల్ల దగ్గర పనిచేసిన స్త్రీకి ఆ వాదనతో కడుపు నిండదు. ఆ స్త్రీకి జరిగిన నష్టం కంపెనీ లెక్కల పుస్తకంలో ఎక్కడా కనబడదు. అందుకే దాన్ని ఇక్కడ రాస్తున్నాను.

1998లో విషే తన అసలు పరిధి దాటింది. అప్పటిదాకా ప్రధానంగా కరెంటును అడ్డగించేవి, నిలవ చేసేవి చేసింది. ఆ ఏడాది జర్మన్ కార్ల సంస్థ డైమ్లర్ బెంజ్ నుంచి సెమీకండక్టర్ విభాగాన్ని సుమారు 55 కోట్ల డాలర్లకు కొంది. అందులో ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ల భాగాన్ని అట్మెల్ కంపెనీకి ఇచ్చేసి, రెండింటిని ఉంచుకుంది. ఒకటి యూరప్‌లో రేడియో రోజుల నుంచీ పేరున్న టెలిఫుంకెన్ సెమీకండక్టర్లు. రెండోది కాలిఫోర్నియాలో శాంటా క్లారాకు చెందిన సిలికానిక్స్‌లో 80.4 శాతం వాటా.

సిలికానిక్స్ విషే పుట్టిన 1962లోనే పుట్టింది. కరెంటును వేగంగా ఆపి, వదిలే మాస్ఫెట్ అనే పవర్ ట్రాన్సిస్టర్ల తయారీలో దిట్ట. పేటెంటు తగాదాలో ఇంటర్నేషనల్ రెక్టిఫయర్ అనే పోటీదారు చేతిలో ఓడిపోయి, 1990లో దివాలా రక్షణ కోరవలసి వచ్చింది. అప్పుడే జర్మన్లు దాన్ని చేతిలోకి తీసుకున్నారు. నష్టాల నుంచి తేరుకున్నాక, సిలికాన్‌లో లోతైన కాలువలు చెక్కి ట్రాన్సిస్టర్లను దట్టంగా అమర్చే పద్ధతిని మార్కెట్‌కు తెచ్చింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎక్కువసేపు నిలవడానికి ఈ రకం ట్రాన్సిస్టర్లు తోడ్పడ్డాయి. మిగతా వాటాలను విషే 2001లో కొనబోతే గొడవలు వచ్చాయి, చివరికి 2005లో పూర్తయింది. ఇంటర్నేషనల్ రెక్టిఫయర్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

2000 సంవత్సరం విషేకు స్వర్ణకాలం. సెల్‌ఫోన్లు, ఇంటర్నెట్ పరికరాలు దొరికిన విడిభాగాన్నల్లా లాక్కుపోతున్నాయి. సరుకు దొరకదేమోనన్న భయంతో కొనేవాళ్లు ఒకే ఆర్డరును ఇద్దరు ముగ్గురికి ఇచ్చారు. విషే అమ్మకాలు దాదాపు 246 కోట్ల డాలర్లు, లాభం సుమారు 52 కోట్లు. టాంటలం పొడి ధర ఆకాశాన్నంటింది. భవిష్యత్తులో కొరత రాకూడదని విషే, క్యాబట్ కంపెనీతో ఏళ్ల తరబడి నిర్ణీత ధరకు పొడి కొంటానని ఒప్పందాలు చేసుకుంది. 2001లో బుడగ పేలింది. అమ్మకాలు సుమారు 166 కోట్లకు పడిపోయాయి, లాభం దాదాపు సున్నా. పొడి ధర కూలింది, ఒప్పందపు ధర మాత్రం కూలలేదు. ఆ బరువును విషే కొన్నేళ్లపాటు మోసింది. ఇతరులు కష్టాల్లో ఉన్నప్పుడు కొనాలన్న తన సూత్రాన్ని, ముడిసరుకు విషయంలో జాండ్‌మన్ కంపెనీ పాటించలేదు. అందరూ ఎగబడుతున్న వేళ తానూ ఎగబడింది.

కంపెనీలు కొనడంలో మాత్రం పాత సూత్రం మరవలేదు. పరిశ్రమంతా దిగులుగా ఉన్న 2001లోనే ఇన్ఫినియన్ అనే చిప్ కంపెనీ నుంచి ఇన్‌ఫ్రారెడ్ విడిభాగాల విభాగాన్నీ, డయోడ్లలో పెద్దదైన జనరల్ సెమీకండక్టర్‌నూ కొంది. 2002లో బీసీ కాంపొనెంట్స్ వచ్చింది. ఇది ఒకప్పటి ఫిలిప్స్ రెసిస్టర్లు, కెపాసిటర్ల విభాగం. దాంతోపాటు పుణె దగ్గర లోణీ కాళ్‌భోర్‌లోని ఫ్యాక్టరీ కూడా విషే చేతికి వచ్చింది. మన దేశంలో ఒక తరం రేడియోలన్నా, టీవీలన్నా ఫిలిప్సే. ఆ కుటుంబంలోని ఫ్యాక్టరీ ఇలా ఈ కథలోకి వచ్చింది.

2007లో ఇంటర్నేషనల్ రెక్టిఫయర్ తన వ్యాపారంలో ఒక భాగాన్ని సుమారు 29 కోట్ల డాలర్లకు విషేకు అమ్మింది. ఆ కంపెనీ అప్పుడు లెక్కల అవకతవకలతో సతమతమవుతోంది. 2008 ఆగస్టులో విషే ఒక్కసారిగా కంపెనీ మొత్తం కొంటానంది. షేరుకు 21.22 డాలర్లు, మొత్తం సుమారు 160 కోట్లు. అటువైపు బోర్డు వద్దంది. విషే ధరను 23 డాలర్లకు పెంచి, వాటాదార్ల సమావేశంలో తన తరఫు డైరెక్టర్లను ఎన్నుకోమని అడిగింది. ఈలోగా సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ బ్యాంకు కూలింది, ప్రపంచంలో అప్పు దొరకడమే కష్టమైంది. అక్టోబరులో వాటాదార్లు పాత యాజమాన్యం వైపే మొగ్గారు. విషే వెనక్కి తగ్గింది.

అంతకుముందు కొన్నవాటిలో చాలావరకు అమ్మేవాడు అమ్ముతానన్నవే. ఇక్కడ వద్దన్నవాణ్ణి లొంగదీయాలని చూశారు. ఆ కొనుగోలు జరిగి ఉంటే ఏమయ్యేదో ఆ ఏడాది ఖాతాలే చెబుతాయి. మాంద్యంలో తన పాత కొనుగోళ్ల విలువ తగ్గించి రాసుకోవలసి వచ్చి, విషే 2008లో 170 కోట్ల డాలర్లకు పైగా నష్టం చూపింది. దాని మీద మరో 160 కోట్ల అప్పు పడి ఉంటే తట్టుకునేదా? నాకు అనుమానమే. ఇంటర్నేషనల్ రెక్టిఫయర్‌ను ఇన్ఫినియన్ షేరుకు 40 డాలర్లు పెట్టి కొంటానని 2014లో ప్రకటించింది.

2010 జులైలో జాండ్‌మన్ కంపెనీని రెండుగా విడదీశాడు. రేకు రెసిస్టర్లు, ఒత్తిడి గేజీలు, తూకం సెన్సర్లు విషే ప్రెసిషన్ గ్రూప్ అనే వేరే కంపెనీగా బయటికి వెళ్లాయి. అంటే 1962లో ఏ సరుకుతో విషే మొదలైందో ఆ సరుకే ఇప్పుడు విషే కేటలాగులో లేదు. పెద్ద కంపెనీకి సంఖ్యలు కావాలి, కోట్లలో అమ్ముడుపోయే డయోడ్లు, చిప్ రెసిస్టర్లు కావాలి. ఒక్కో ముక్కనూ కొలిచి కడ్డీలు తెంపుతూ చేసే సరుకుకు ఆ వేగం సరిపడదు. తన తొలి ఆవిష్కరణను తన చేతులతోనే విడదీయడం, అది విడిగా ఉంటేనే బతుకుతుందని ఒప్పుకోవడం సామాన్యమైన పని కాదు. 2011 జూన్‌లో, 83 ఏళ్ల వయసులో జాండ్‌మన్ చనిపోయాడు. ఆయన కొడుకు మార్క్ బోర్డు అధ్యక్షుడయ్యాడు.

ఆ తరవాత కొనుగోళ్లు ఆగలేదు, చిన్నవయ్యాయి. ఫ్రాన్స్‌లో ఎంసీబీ, తైవాన్‌లో క్యాపెల్లా, జపాన్‌లో హోలీ స్టోన్ పాలిటెక్ అలాంటివే. వాటి గురించి పెద్దగా చెప్పుకోవలసింది లేదు. చెప్పుకోదగ్గది 2024 మార్చిలో పూర్తయిన న్యూపోర్ట్ కొనుగోలు. సౌత్ వేల్స్‌లోని ఈ చిప్ ఫ్యాక్టరీని, బ్రిటన్ ప్రభుత్వ పెట్టుబడితో పుట్టిన ఇన్మాస్ అనే చిప్ కంపెనీ కోసం 1980ల మొదట్లో వాస్తుశిల్పి రిచర్డ్ రోజర్స్ రూపొందించాడు. 2021లో దాన్ని చైనా యాజమాన్యంలోని నెక్స్‌పీరియా కొంది. మరుసటి ఏడాది నవంబరులో బ్రిటన్ ప్రభుత్వం జాతీయ భద్రత పేరుతో అమ్మేయమని ఆదేశించింది. అమ్మేవాడు బేరమాడలేని స్థితిలో ఉన్నప్పుడు విషే 17.7 కోట్ల డాలర్లతో ముందుకొచ్చింది. ఎలక్ట్రిక్ కార్లకు కావలసిన పవర్ ట్రాన్సిస్టర్లు అక్కడ చేయాలన్నది ఆలోచన.

వచ్చే సంచికలో జపాన్ వెళదాం. 1944లో క్యోటోలో ఆకిరా మురాటా మొదలుపెట్టిన చిన్న పింగాణీ వర్క్‌షాపు, కెపాసిటర్లలో విషేతో సహా అందర్నీ దాటి ముందుకు పోయింది. అది చాలాకాలం కంపెనీలను కొని కాదు, పింగాణీ మట్టిని అందరికంటే బాగా అర్థం చేసుకుని ఎదిగింది.

(సశేషం)